గురువు గడప దాటిన పదును: జపాన్ చిత్రిక సభల పూర్వచరిత్ర

చేతి పనిముట్లతో కొయ్యపని చేసే వడ్రంగులు, ఆ పనిముట్లకు ఉక్కు అతికి సాగగొట్టే కమ్మర్లు, సానరాళ్లు అమ్మేవారు, వృత్తితో సంబంధం లేకపోయినా కొయ్య మీద మక్కువతో పని నేర్చుకున్నవారు కలిసి 1997లో జపాన్‌లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరు కెజురో కై, అంటే చిత్రిక పడదామని పిలిచే కూటమి. ఒక్కొక్కసారి ఒక్కొక్క ఊరిలో జరిగే ఈ సంఘం సభల్లో హినోకి అనే సైప్రస్ జాతి కలపను పొడవాటి దిమ్మల మీద అమర్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తెగకుండా ఒకే పొరను చిత్రికతో లేపి, ఆ పొర మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన కొలుస్తారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 80 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఈ పనిలో ఆరితేరినవారు లేపే పొర మూడు నాలుగు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. పోటీ ఒక పక్క సాగుతుండగానే మరో పక్క ఒకరి పనిముట్టును మరొకరు చేతిలోకి తీసుకొని పరిశీలించడం, సాన పట్టిన తీరును అడిగి తెలుసుకోవడం, అలుగు చేసిన కమ్మరితోనే దాని గుణదోషాలు చర్చించడం జరుగుతాయి.

వడ్రంగి చేతిలోని పనిని యంత్రాలు చాలావరకు తీసేసుకున్న తరువాతనే ఇటువంటి కూటమి పుట్టడం పైకి వింతగా కనిపించినా, జపాన్ వడ్రంగం నడిచివచ్చిన దారిని మొదటి నుంచి చూసినవారికి అందులో వింత ఏమీ కనిపించదు. పదును బతుకుతెరువుగా ఉన్నంత కాలం అది ఇంటి గుట్టుగా, గురువు నుంచి శిష్యుడికి మాటల్లేకుండా అందే విద్యగా ఉండిపోయింది. ఆ బతుకుతెరువు సన్నగిల్లి, విద్య మొత్తంగా మాసిపోయే ప్రమాదం ఎదురైనప్పుడు గాని అది నలుగురి మధ్యకు రాలేదు. ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందుగా పనిముట్టు చరిత్రను, ఆ తరువాత దాన్ని పట్టిన చేతుల చరిత్రను చూడవలసి ఉంటుంది.

జపాన్ వడ్రంగానికి నేటికీ కళ్లెదుట నిలిచి ఉన్న మొదటి సాక్ష్యం నారా ప్రాంతంలోని హొర్యూజి బౌద్ధాలయం. 607లో స్థాపితమైన ఈ ఆలయం 670లో కాలిపోయిందని ప్రాచీన రాజచరిత్ర అయిన నిహోన్ శోకి చెబుతుంది. ఆ తరువాత ఏడో శతాబ్ది చివర, ఎనిమిదో శతాబ్ది మొదట తిరిగి కట్టిన ప్రధాన మందిరం, అయిదంతస్తుల గోపురం ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న కొయ్య కట్టడాలన్నిటిలోకీ పాతవిగా గుర్తింపు పొందాయి; గోపురం నడిమి స్తంభానికి వాడిన చెట్టును 594లో నరికినట్లు, కొయ్యలోని వార్షిక వలయాలను లెక్కించే పద్ధతి ద్వారా 2001లో తేలింది. ఇంత గొప్ప కట్టడాలు లేచిన కాలంలో అక్కడి వడ్రంగుల దగ్గర నేటి రూపంలోని చిత్రిక గాని, మానును నిలువుగా పలకలు కోసే పెద్ద రంపం గాని లేవన్నది గమనించవలసిన విషయం. నార తిన్నగా సాగిన మానును ఏరుకొని, దానిలోకి చీలలు దిగగొట్టి పలకలుగా చీల్చి, చోన అనే బాడిసతో ఆ పలకల ఎగుడుదిగుళ్లు చెక్కి, చివరకు యారిగన్న అనే పనిముట్టుతో నునుపు చేసేవారు.

యారిగన్న చూడడానికి చిన్న ఈటెను పోలి ఉంటుంది. పొడవాటి పిడి కొసన ఆకు ఆకారంలో, మొన కాస్త పైకి వంగిన రెండంచుల అలుగు ఉంటుంది. వడ్రంగి దాన్ని రెండు చేతులతో పట్టుకొని కొయ్య మీద ఏటవాలుగా నడిపితే పొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, దాని వెనుక కొయ్య మీద లోతు లేని పల్లాల వరుస మిగులుతుంది. ప్రాచీన ఆలయ స్తంభాల మీద వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు కనిపించే మెత్తని అలల తీరు ఈ పనిముట్టు గుర్తే. 1309 నాటి కసుగ గొంగెన్ గెంకి అనే చిత్రపటాల చుట్టలో ఒక నిర్మాణ స్థలం బొమ్మ ఉంది. అందులో సిరాలో తడిపిన దారాన్ని సాగదీసి కొయ్య మీద గీత కొట్టేవారు, ఉలితో మానును చీల్చేవారు, బాడిస పట్టినవారు, యారిగన్నతో నునుపు చేసేవారు స్పష్టంగా కనిపిస్తారు గాని, కొయ్య దిమ్మలో అలుగు బిగించిన చిత్రిక ఎవరి చేతిలోనూ కనిపించదు.

ఆ చిత్రిక రాకకు ముందు రంపం రావలసి వచ్చింది. మందిరాలకూ కోటలకూ తిన్నని నార గల పెద్ద మానుల వాడకం శతాబ్దాల పాటు సాగడంతో అవి దగ్గర అడవుల్లో అరుదైపోయాయి. ముళ్లు తిరిగిన, మెలిపడిన మానును చీల్చడం కుదరదు గనుక దాన్ని కోసే సాధనం అవసరమైంది. ఇద్దరు మనుషులు చెరొక పక్క నిలిచి లాగే ఓగా అనే నిలువుకోత రంపం 14, 15 శతాబ్దాల్లో ఆసియా ప్రధాన భూభాగం నుంచి వచ్చి ఈ లోటు తీర్చింది. రంపం కోసిన పలక ముఖం చీల్చిన పలక ముఖం కంటె సమంగా ఉన్నా గరుకుగా ఉంటుంది, దాని నార అడ్డదిడ్డంగా తెగి ఉంటుంది. అటువంటి ముఖాన్ని ఒకే మట్టానికి తెచ్చి నునుపు చేయడానికి 15, 16 శతాబ్దాల్లో దైగన్న, అంటే దిమ్మ చిత్రిక వాడుకలోకి వచ్చింది. రంపం, చిత్రిక జంటగా వచ్చి, చెట్టును ఎంచుకునే తీరునూ ఇల్లు కట్టే తీరునూ మార్చివేశాయి. ఇళ్లలో నిలువు కంబాల చతురస్రపు అంచులు సూటిగా తీరడం, జరుపు తలుపులు సన్నని గాడిలో సాఫీగా నడవడం ఈ జంట వల్లనే తేలికయ్యాయి.

దైగన్న నిర్మాణం చూపుకు ఎంత సామాన్యమో పనిలో అంత సూక్ష్మం. జపాన్ ఓక్ కొయ్యతో చేసిన దిమ్మలో ఏటవాలు గాడి తొలిచి, తల వైపు మందంగానూ కొస వైపు పలుచగానూ ఉన్న అలుగును అందులోకి దిగగొడతారు. అలుగు తానే చీలలా బిగుసుకుంటుంది. అలుగు వాలు సాధారణంగా పది పాళ్లకు ఎనిమిది పాళ్ల ఎత్తు, అంటే 39 డిగ్రీలకు కాస్త తక్కువ. చిన్న సుత్తితో అలుగు తల మీద కొడితే అంచు బయటికి వస్తుంది, దిమ్మ వెనుక అంచు మీద కొడితే లోపలికి జరుగుతుంది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు సర్దుబాటు సైతం ఈ రెండు దెబ్బల మధ్యనే జరగాలి. అలుగులో పెద్ద భాగం మెత్తని ఇనుము, దానికి ఒక వైపు అతికిన పలుచని గట్టి ఉక్కు పొర మాత్రమే కోత అంచు. ఉక్కు వైపు నడుమ కొద్దిగా పల్లం తీసి ఉండడం వల్ల సాన పట్టేటప్పుడు రాయికి తగిలే సన్నని పట్టీనే మట్టం చేస్తే సరిపోతుంది. తెలుగు నేల మీద చిత్రిక అనీ, తెలంగాణలో రందా అనీ వ్యవహరించే పనిముట్టును వడ్రంగి తన ఒంటి నుంచి ముందుకు తోస్తాడు, జపాన్ వడ్రంగి మాత్రం దైగన్నను తన వైపు లాక్కుంటాడు. రంపం కోతా అక్కడ లాగేటప్పుడే పడుతుంది. అందువల్ల రంపపు రేకు వంగిపోతుందన్న భయం లేక దాన్ని చాలా పలుచగా చేయగలిగారు.

ఈ పనిముట్లను పట్టిన మనుషుల వ్యవస్థ కుటుంబాల చుట్టూ, దర్బారుల చుట్టూ పెరిగింది. తోకుగవా షోగన్ల కాలంలో వారి కొలువులో ఉన్న హెయినోఉచి వడ్రంగి కుటుంబం 1608లో శోమేయి అనే అయిదు భాగాల గ్రంథాన్ని సిద్ధం చేసింది. ద్వారాలు, మందిరాలు, గోపురాలు, సభామంటపాలు, నివాసాలు అనే క్రమంలో ఏ కట్టడానికి స్తంభం మందం ఎంత ఉండాలి, దాన్ని బట్టి దూలం, చూరు, మెట్టు ఏ పాళ్లలో ఉండాలి అన్నది అందులో వివరంగా ఉంది. ఈ గ్రంథం చాలా కాలం ఆ కుటుంబ పరిధిలోనే మిగిలింది. 17వ శతాబ్ది నడిమి నుంచి పాళ్ల లెక్కలు చెప్పే నమూనా పుస్తకాలు అచ్చయి అంగళ్లలోకి వచ్చాయి గనుక లెక్కల విషయంలో గుట్టు క్రమంగా సడలిందనే చెప్పాలి. అయితే రహస్య గ్రంథాలు గాని, అచ్చు పుస్తకాలు గాని అలుగును సానరాయి మీద ఎలా పట్టాలో, దిమ్మ అడుగును ఎక్కడ ఎంత గీకాలో చెప్పే పనికి పూనుకోలేదు. చేతిలో ఉండే ఆ జ్ఞానం కాగితం మీదికి రాదన్న నమ్మకం బలంగా ఉండేది.

ఆ జ్ఞానం అందే దారి శిష్యరికం. పన్నెండు, పదమూడేళ్ల వయసులో పిల్లవాడు గురువు ఇంట చేరి, మొదటి ఏళ్లు ఊడ్పు, వంట, మోత వంటి పనుల్లో గడిపి, పనిముట్లు సాన పట్టే దశకు వచ్చి, పదేళ్ల వరకు సాగే శిక్షణ ముగిశాక మరొక ఏడాది గురువుకు కృతజ్ఞతగా ఊరకే పనిచేసి బయటపడేవాడు. ఈ కాలమంతటా గురువు విడమరచి చెప్పడం అరుదు. శిష్యుడు పక్కనుండి చూసి పట్టుకోవాలి. పని దొంగిలించాలే గాని అడిగి నేర్చుకోకూడదనే భావన జపాన్ చేతిపనులన్నిటిలోనూ ఉంది. దీన్ని కేవలం కాఠిన్యంగా చూడడం సరికాదు. కళ్లతో పట్టుకున్నది చేతికి గట్టిగా అంటుతుందన్న అనుభవం దాని వెనుక ఉంది. అయినా పోటీదారుకు పని తెలియనీయకూడదన్న జాగ్రత్త కూడా అంతే నిజం. ఒక వడ్రంగి పనిముట్ల పెట్టెను మరొకరు తాకడం మర్యాద తప్పడమే అయ్యేది.

వడ్రంగులు ఒకచోట చేరే సంప్రదాయం ఆ దేశంలో లేకపోలేదు. హొర్యూజిని స్థాపించిన షోతోకు రాకుమారుణ్ని వడ్రంగులు తమ వృత్తికి మూలపురుషుడిగా కొలుస్తారు. ఆయన పేరిట తైషి కో అనే పూజా సంఘాలు ఊరూరా ఉండేవి. వడ్రంగులతో పాటు గోడ పూత పనివారు, పీపాలు చేసేవారు కూడా తమ తమ సంఘాలు పెట్టుకున్నారు. నిర్ణీత దినాల్లో చేరి రాకుమారుడి పటం ఎదుట పూజ చేసి, భోజనం చేసి, ఆ ఏటి కూలి రేటు ఎంతో, ఎవరి పరిధిలోకి ఎవరు వెళ్లకూడదో, కట్టుబాటు తప్పినవారికి శిక్ష ఏమిటో తేల్చుకునేవారు. వృత్తి మర్యాదను, బతుకు భద్రతను నిలబెట్టిన ఈ కూటములు చేసిన మేలు చిన్నది కాదు. కానీ అక్కడ మాట్లాడుకున్నది కూలి గురించి, కట్టుబాటు గురించి. పని గురించిన మాట ఎవరి పెరట్లో వారి దగ్గరే ఉండిపోయింది. కెజురో కైకి పూర్వరూపాన్ని ఎక్కడైనా వెతకాలంటే ఈ తైషి కో సంఘాల్లోనే వెతకాలి, రెండిటికీ మధ్య ఉన్న తేడాను కొలవాలన్నా అక్కడి నుంచే కొలవాలి.

కమ్మరుల చరిత్ర ఈ కథకు రెండో నడక. హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణం 1578 నుంచి 1580 వరకు సేనాని హిదెయోషి ముట్టడిలో నలిగి నాశనమైంది. తిరిగి కట్టడానికి పన్నులు మాఫీ చేసి పిలిపించగా వచ్చిన వడ్రంగులకు పనిముట్లు కావలసి వచ్చి కమ్మర్లు అక్కడ స్థిరపడ్డారు. రంపం, ఉలి, చిత్రిక, తాపీ, చాకు అనే అయిదింటికి మికి పేరు నేటికీ ప్రమాణం; 1996లో ప్రభుత్వం ఆ పనిని సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. 1876లో మెయిజి ప్రభుత్వం సమురాయ్‌లు బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించడంతో కత్తులు చేసే కమ్మర్ల కొలుములు చల్లబడ్డాయి, వారిలో అనేకులు వడ్రంగి పనిముట్ల వైపు మళ్లారు. కత్తి కమ్మర్ల వంశంలో 1874లో పుట్టి, 1957లో మరణించిన చియొజురు కొరెహిదె టోక్యోలో చేసిన చిత్రిక అలుగులు, ఉలులు ఇప్పటికీ సేకరణకర్తలూ వడ్రంగులూ ఒకే ఆదరంతో చూసే వస్తువులు. ఈ కాలంలోనే బ్రిటన్‌లోని షెఫీల్డ్ నుంచి దిగుమతైన ఉక్కు దేశీయ ఉక్కు స్థానంలోకి రావడం, అప్పటి దాకా ఒంటి అలుగుతో ఉన్న దైగన్నకు రెండో ఇనుము తోడు కావడం జరిగాయి. అలుగు మీద బోర్లా కూర్చునే ఈ రెండో ఇనుము, లేస్తున్న పొరను అంచుకు చాలా దగ్గరలోనే విరిచి వెనక్కి మళ్లిస్తుంది గనుక ఎదురు నారలో కూడా కొయ్య పెచ్చులు లేవకుండా ఉంటుంది. 20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో ఇది సర్వసాధారణమైంది.

చేతి పనిముట్ల వైవిధ్యం అత్యున్నత స్థాయికి చేరింది కూడా ఆ దశాబ్దాల్లోనే. 1943లో టోక్యోలో మొదలై 1949లో వెలువడిన ఒక సర్వే ప్రకారం అన్ని రకాల పనులూ చేయగల నిండు వడ్రంగికి 179 పనిముట్లు ఉండేవి. వాటిలో ఉలులే 49, చిత్రికలు 40. దూలానికి ఒక చిత్రిక, గాడికి ఒకటి, వంపుకు ఒకటి, మూలకు ఒకటి, తుది మెరుగుకు మరొకటి. ఆ 179 పనిముట్ల వరుసను కోబె నగరంలోని తకెనక వడ్రంగి పనిముట్ల ప్రదర్శనశాలలో ఒకే గోడ మీద చూడవచ్చు. 1610లో నగోయాలో వడ్రంగి కుటుంబంగా మొదలైన తకెనక నిర్మాణ సంస్థ 1984లో నెలకొల్పిన ఈ ప్రదర్శనశాల ముప్పై వేలకు పైగా పనిముట్లను సేకరించింది. ప్రదర్శనశాల అవసరమైందంటేనే పనిముట్లు చేతుల నుంచి జారిపోతున్నాయని అర్థం.

ఆ జారుడు వేగం విస్మయం కలిగిస్తుంది. 1958లో మకితా సంస్థ జపాన్‌లో మొట్టమొదటి విద్యుత్ చిత్రికను మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఇసె అఖాతపు తుపాను వేల ప్రాణాలు తీసిన తరువాత, విపత్తు నివారణ పేరుతో కొయ్య కట్టడాలను వద్దంటూ దేశపు వాస్తుశిల్పుల సంఘం తీర్మానించింది, ఆ ప్రభావంతో విశ్వవిద్యాలయాల్లో కొయ్య నిర్మాణ బోధన దాదాపు అడుగంటింది. యుద్ధానంతర గృహ నిర్మాణ వేగానికి చేతి పని తట్టుకోలేకపోయింది. స్తంభాలు, దూలాలు, వాటి అతుకులు కర్మాగారంలోనే యంత్రం మీద కోసి పంపే ప్రీకట్ పద్ధతి వచ్చి, సంప్రదాయ చట్రపు ఇళ్లలో తొంభై శాతానికి మించి దానితోనే కట్టే స్థితి ఏర్పడింది. 1980 జనగణనలో సుమారు 9,37,000గా ఉన్న వడ్రంగుల సంఖ్య 2020 నాటికి సుమారు 2,98,000కు పడిపోయింది. మిగిలిన వారిలోనూ రోజూ చిత్రిక పట్టే అవసరం ఉన్నవారు కొద్దిమందే.

ఇటువంటి కాలంలో పాత విద్యను ఒడ్డుకు చేర్చినవారిలో నిషియోక త్సునెకజుది ప్రథమ స్థానం. 1908లో హొర్యూజి పక్క పల్లెలో, ఆ ఆలయానికి తరాలుగా పనిచేసిన మందిర వడ్రంగుల ఇంట పుట్టిన ఆయన, 1934 నుంచి 1954 వరకు జరిగిన హొర్యూజి మహా పునరుద్ధరణలో పనిచేస్తూ ప్రాచీన కొయ్య మీద మిగిలిన కోత గుర్తులను చదివాడు. శతాబ్దాల క్రితమే వాడుక తప్పిన యారిగన్నను ఆ గుర్తుల ఆధారంతో, పాత నమూనాల ఆధారంతో తిరిగి చేయించి, దాన్ని పట్టే పద్ధతిని తానే సాధన చేసి పునర్జీవింపజేశాడు. అలుగుతో శుభ్రంగా తెగిన నార నీటిని లోపలికి పీల్చుకోదు, యంత్రపు తిరుగుడు కత్తులతో నలిగిన నార త్వరగా చెడుతుంది అని ఆయన నొక్కి చెప్పేవాడు. యకుషిజి ఆలయంలో 1976లో ప్రధాన మందిరం, 1981లో పశ్చిమ గోపురం ఆయన నాయకత్వంలో తిరిగి లేచాయి.

ఆయన చెంత చేరిన శిష్యుడు ఒగావా మిత్సువో. బడి విహారయాత్రలో హొర్యూజి గోపురాన్ని చూసి మందిర వడ్రంగి కావాలని నిశ్చయించుకున్న ఈ యువకుణ్ని నిషియోక మొదట పని లేదని తిప్పి పంపాడు, తరువాత చేర్చుకొని ఏడాది పాటు పుస్తకాలు, పత్రికలు, టెలివిజన్ వద్దని, సాన పట్టడం తప్ప మరేమీ చేయవద్దని ఆదేశించాడు. చిత్రిక విషయంలో గురువు చేసి చూపింది ఒకే ఒక్కసారి; అప్పుడు లేచిన పొరను ఒగావా కిటికీ అద్దానికి అంటించుకొని, తన పొర దానికి సరితూగే దాకా సాధన చేశాడు. పాత బోధన పద్ధతి సారం ఈ సంఘటనలో పూర్తిగా ఉంది. గురువు ఇచ్చింది వివరణ లేని ఒక ప్రమాణం. అక్కడికి చేరే దారి శిష్యుడే వెతుక్కోవాలి. ఒగావా 1977లో ఇకరుగ కోశ అనే పని సంస్థను స్థాపించి, శిష్యులంతా ఒకే కప్పు కింద ఉండి నేర్చుకునే పద్ధతిని కొనసాగించాడు. నిషియోక 1995లో మరణించాడు.

రెండేళ్ల తరువాత ఏర్పడిన కెజురో కై ఆ కిటికీ అద్దం మీది పొరను సభ మధ్యకు తెచ్చిందనవచ్చు. ఇక్కడ కూడా ప్రమాణం పొరే. అయితే దాన్ని చూసేది ఒక శిష్యుడు మాత్రమే కాదు, కొలిచేది గురువు కన్ను కాదు. మైక్రోమీటరు అనే సూక్ష్మ కొలమానంతో పొరను ఎడమ, నడుమ, కుడి అంచు అనే మూడు చోట్ల కొలుస్తారు. మూడు కొలతలూ దగ్గరగా రావాలంటే సుమారు ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న అలుగు అంచు ఈ మూల నుంచి ఆ మూలకు ఒకే గీతగా ఉండాలి, ఎక్కడ కంటికి కనిపించని నొక్కు ఉన్నా పొర అక్కడ నిలువుగా చీలిపోతుంది.

మూడు మైక్రాన్లు అంటే కొయ్య లోపల ఏమవుతుందో తెలిస్తే ఈ కొలత గొప్పదనం మరింత బోధపడుతుంది. హినోకి వంటి సూదాకు చెట్ల కొయ్య దాదాపు పూర్తిగా సన్నని గొట్టాల వంటి కణాలతో అల్లి ఉంటుంది. ఒక్కో కణం అడ్డుకొలత సుమారు 30 మైక్రాన్లు, పొడవు కొన్ని మిల్లీమీటర్లు. కాబట్టి సభలో లేచే పొరలో ఒక్క నిండు కణం కూడా ఉండదు, కణాలను నిలువునా పలుచగా తరిగిన ముక్కలు ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉంటాయి. ఆ పొర ద్వారా అవతలి అచ్చు అక్షరాలు చదవవచ్చు. పొర లేచిన తరువాత మిగిలిన కొయ్య ముఖం మీద వెలుతురు నీటి మీద మెరిసినట్లు మెరుస్తుంది, దానికి నూనె గాని, వార్నిష్ గాని పూసిన జాడ ఉండదు.

ఈ స్థాయికి చేరడానికి సాన పట్టడం ఒక్కటే చాలదు, అయినా మొదలు అదే. గరుకు రాయితో అంచు తీర్చి, నడిమి రాయితో గీతలు తగ్గించి, మెరుగు రాయితో ముగించే మూడంచెల క్రమంలో చివరిది అన్నిటికంటె విలువైనది. క్యోటో పరిసరాల గనుల్లో దొరికిన సహజ మెరుగురాళ్లకు, ముఖ్యంగా నరుతకి ప్రాంతపు రాళ్లకు, కత్తుల కాలం నుంచి పేరు ఉంది. ఆ గనులు చాలావరకు మూతపడ్డాయి, మిగిలిన రాళ్లు చేతులు మారుతున్నాయి; మరో పక్క 30,000 సంఖ్య దాకా వెళ్లే కృత్రిమ రాళ్లు వచ్చాయి. సహజ రాయి మేలా, కృత్రిమ రాయి మేలా అన్న వాదం సభల్లో తీరేది కాదు, తీరనవసరమూ లేదు; ఎదురెదుట కూర్చొని రెండు రాళ్ల మీద రెండు అలుగులు పట్టి, రెండు పొరలు లేపి చూసుకోగలగడమే అందులోని లాభం. పదును తరువాతి మెట్టు దిమ్మ. దైగన్న అడుగు మొత్తం సమతలంగా ఉండకూడదు. ముందు అంచు, అలుగు నోటి దగ్గర అంచు మాత్రమే కొయ్యకు తగిలి, మిగిలిన భాగం వెంట్రుక వాసి పల్లంగా ఉండాలి. గాలిలో తేమ మారితే దిమ్మ కదులుతుంది గనుక ఉదయం సరిచేసిన అడుగును మధ్యాహ్నం మళ్లీ గీకవలసి వస్తుంది. గురువు పెరట్లో పదేళ్లలో కంటితో పట్టుకోవలసిన ఈ మెలకువలన్నీ సభలో అడిగినవారికి అడిగినట్లు దొరుకుతాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటుంది. ఇంటి దూలం మీద మూడు మైక్రాన్ల పొర లేపవలసిన పని ఏ వడ్రంగికీ రాదు, నిజమైన పనిలో ఇరవై, ముప్పై మైక్రాన్ల పొర చక్కని మెరుగునిస్తుంది. కనుక ఈ పోటీ వడ్రంగం నుంచి విడిపోయిన ఆటగా మిగులుతుందని కొందరు భావిస్తారు. ఇందులో కొంత సత్యం ఉంది. ఏరి తెచ్చిన మెత్తని హినోకి ముక్క మీద గెలిచిన చేయి, ముడి పడిన పైన్ దూలం మీద అంతే బాగా నడుస్తుందన్న హామీ లేదు. అయినా అంచులోని లోపం, రాయిలోని లోపం, దిమ్మలోని లోపం ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో బయటపెట్టే పరీక్షగా దీనికి సాటి మరొకటి లేదు. పైగా సభ పోటీతోనే ముగియదు: యారిగన్న పట్టడం, గొడ్డలితోనూ బాడిసతోనూ మానును చదును చేయడం, పెద్ద ఓగా లాగడం, మూరెడు వెడల్పున్న అలుగుతో చిత్రిక నడపడం వంటి ప్రదర్శనలు కూడా ఉంటాయి. వాటిలో బాడిస పని నేర్చుకోవడం పాత కట్టడాల మరమ్మతుకు నేరుగా పనికివచ్చేదే.

ఈ బహిరంగత జపాన్ సరిహద్దుల్లోనే ఆగలేదు. చేతి పనిముట్ల మీద ఆసక్తితో ఏర్పడిన సంఘాలు పశ్చిమ దేశాల్లో అంతకు ముందే ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం నార్తాంప్టన్‌లో 1933లో మొదలైన ప్రాచీన పరిశ్రమల సంఘం వాటిలో ముఖ్యమైనది. అక్కడి వారి తొలి ఆసక్తి సేకరణ మీద, చరిత్ర మీద. జపాన్‌లో శిష్యరికం చేసి 1958లో అమెరికా వెళ్లిన తోషియో ఒదాతె 1984లో ఇంగ్లీషులో ప్రచురించిన జపాన్ వడ్రంగి పనిముట్ల గ్రంథం, గురువుల నోట రాని సంగతులను బొమ్మలతో సహా వివరించి, దైగన్నను లాగి చూడాలన్న కోరికను వేలాది చేతుల్లో పుట్టించింది. యమగత విశ్వవిద్యాలయానికి చెందిన కవాయి, కతో అనే ఆచార్యులు చిత్రికలోని రెండో ఇనుము పని తీరును సూక్ష్మదర్శినితో చిత్రీకరించారు. అంచుకు మిల్లీమీటరులో పదో వంతు దూరంలో దాన్ని అమర్చితే ఎదురు నార పెచ్చులు లేవడం ఆగుతుందని వారి చిత్రం కళ్లకు కట్టింది. యంత్రాల మెరుగు కోసం చేసిన ఆ పరిశోధన 2012లో పాశ్చాత్య ఔత్సాహికుల దృష్టికి వచ్చి, ముందుకు తోసే వారి ఇనుప చిత్రికల వాడకాన్నే మార్చింది. ఇప్పుడు కెజురో కై తరహా సభలు అమెరికాలోనూ జరుగుతున్నాయి.

జపాన్‌లో కొయ్య కట్టడాల పరిరక్షణకు సంబంధించిన 17 నైపుణ్యాలను యునెస్కో 2020లో మానవజాతి అగోచర వారసత్వ జాబితాలో చేర్చింది. మందిర వడ్రంగం, కప్పు నేసే పని, హినోకి బెరడు వలిచే పని, గోడ పూత, తలుపుల తయారీ, లక్క సేకరణ, బంగారు రేకు తయారీ వరకు అందులో ఉన్నాయి. చిత్రిక అలుగు సాగగొట్టే కమ్మరి, దానికి దిమ్మ తొలిచే పనివాడు, మెరుగురాయి తీసే గనికాడు ఆ 17లో లేరు. వారి కొలిమి, వారి ఉలి నడవడం కొనేవారి మీదనే ఆధారపడి ఉంది. కర్మాగారం కోసిన దూలాలతో ఇళ్లు కట్టే వడ్రంగికి వంద మైక్రాన్ల పొర లేపే అలుగు కూడా అవసరం పడదు గనుక, ఉన్నత శ్రేణి అలుగులకు గిరాకీ ఈ సభల చుట్టూ చేరినవారి నుంచే ఎక్కువగా వస్తుంది. అందుకే సభ జరిగే చోట కమ్మరి తన అలుగులు పరచుకొని కూర్చునే బల్ల, పోటీ దిమ్మకు ఏ మాత్రం తీసిపోని ముఖ్యమైన స్థానం. వడ్రంగి లేపిన పొరను చేతిలో పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూసి, తరువాతి అలుగుకు ఉక్కును ఎంత వేడిలో పదును పెట్టాలో అతడు అక్కడే నిర్ణయించుకుంటాడు.